పచ్చ లైటును నమ్మకు, అమ్మలూ

విశాఖపట్నం,
ఆదివారం పొద్దున్న

అమ్మలూ,

నీ మెయిలు మీ నాన్న ప్రింటు తీయించి పట్టుకొచ్చాడు. కాగితమైతే గీతలు గీసుకుంటూ చదవచ్చని నేనే అడిగాను. నాలుగు పేజీల్లో ఒక్క వాక్యం కింద మూడుసార్లు గీశాను. "యూపీఎస్‌లు నాలుగు నిమిషాలకే చేతులెత్తేశాయి పెదనాన్నా" అని రాశావు చూడు, అది. అలా రాసేసి పక్క పేరాలో కోజుమెల్‌లో తిన్న చేపల కబుర్లు మొదలుపెట్టావు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. రెండు రోజులుగా అక్కడే ఉన్నాను.

మీ అమ్మ ఇంకో వాక్యం దగ్గర ఆగింది. ముప్ఫై గంటలు నిద్ర లేదన్న చోట. "బావగారూ, మీరైనా చెప్పండి, వచ్చెయ్యమనండి" అంటూ ఫోన్‌లో ఏడ్చింది. కాంట్రాక్టు మధ్యలోనే దిగిపోతానని మీ పిన్నితో అన్నావట. నిజమైతే నా దగ్గర దాచకు. దిగాలనిపిస్తే దిగు, ఎవరూ ఏమీ అనరు, మేడ మీద నీ గది నీకు అలాగే ఉంది. కానీ దిగేలోపు ఆ బ్యాటరీల సంగతి తేల్చి దిగు.

నువ్వు రాసినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇదీ. రాత్రి రెండున్నరకి మీ క్రూజ్ ఓడలో ఒక జనరేటర్ ట్రిప్ అయింది, దాని భారం మీద పడి మిగతావీ ఆగాయి. ఎమర్జెన్సీ జనరేటర్ 45 సెకన్లలోపు అందుకోవాలని సోలాస్ అనే సముద్ర భద్రతా ఒప్పందంలో నియమం. అందుకుంది. కారిడార్లలో దీపాలు, బ్రిడ్జి మీద రేడియో, ఫైర్ అలారాలు బతికాయి. మీ సర్వర్ గది ఆ లైను మీద లేదు. స్క్రీన్ మీద 30 నిమిషాలని చూపిస్తున్న యూపీఎస్ నాలుగో నిమిషానికి కూలింది. 38 నిమిషాలకి మెయిన్ కరెంటు వచ్చేసరికి అన్నీ ఒక్కసారే లేచాయి. స్టోరేజి ఇంకా పూర్తిగా లేవకముందే సర్వర్లు లేచి దానికోసం వెతుక్కుని, దొరక్క పడిపోయాయి. తెల్లారేసరికి కేబిన్లకి కొత్త తాళం కార్డులు లేవు, బార్‌లో బిల్లు పడదు, గ్యాంగ్‌వే దగ్గర ఎవరు దిగారో ఎవరు ఎక్కారో లెక్క లేదు. అవతల మయామీలో ఐదు వేలమంది దిగి, అదే మధ్యాహ్నం ఇంకో ఐదు వేలమంది ఎక్కాల్సిన రోజు. వీటన్నిటి మీదా వైఫై లేదని కేకలు. అంతా సర్దుకున్నాక, మీటింగులో అందరి ముందూ ‘ఐటీ వాళ్ళ తప్పు’ అన్నారు.

నాకు రాత్రిళ్ళు ఇప్పుడూ అదే కళ్ళముందు తిరుగుతోంది. ఒక్కదానివి, ఆ రాక్‌ల మధ్య, చలికోటు కూడా లేకుండా. ఏసీ ఆగిపోయిన గదిలో చెమట, మళ్ళీ వచ్చాక చలి. దగ్గు తగ్గిందా?

ఇప్పుడు అసలు విషయం. ఆ యూపీఎస్ ముందురోజు దాకా ఒడ్డున ఆఫీసు వాళ్ళ స్క్రీన్‌లో పచ్చగానే ఉందని రాశావు. ఉంటుంది మరి. అది తనకు తాను చేసుకునే పరీక్ష కొన్ని సెకన్లే. చచ్చిపోబోయే బ్యాటరీ కూడా కొన్ని సెకన్లు నిలబడుతుంది. పచ్చ లైటు చెప్పేది ‘ఇప్పుడు కరెంటు ఉంది’ అని మాత్రమే. కరెంటు లేనప్పుడు ఏమవుతుందో దానికి తెలియదమ్మా.

నేను రేడియో ఆఫీసరుగా ఎక్కిన మొదటి ఓడ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. 1973లో, కలకత్తా కిడ్డర్‌పూర్ డాక్‌లో. దిగిపోతున్న రేడియో ఆఫీసర్‌కి నాకు చార్జి అప్పగించడానికి గంట టైముంది. ట్రాన్స్‌మిటర్ చూపిస్తాడనుకున్నాను. ఆయన నన్ను తిన్నగా పై డెక్ మీది బ్యాటరీ పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి హైడ్రోమీటర్ చేతిలో పెట్టాడు. పన్నెండు సెల్లులు, 24 వోల్టులు. ఒక్కొక్క మూతా తీసి, ఆసిడ్ పైకి లాగి చూడాలి. 1250 దగ్గర తేలితే నిండుగా ఉన్నట్టు. 1180కి దిగిందంటే సగానికి సగం పోయినట్టు. తగ్గినచోట డిస్టిల్డ్ వాటర్ పోయాలి, టెర్మినల్స్‌కి వ్యాజిలీన్ రాయాలి, రీడింగులు లాగ్‌బుక్‌లో ఎక్కించాలి. గంటలో నలభై నిమిషాలు అక్కడే గడిచాయి. మిగతా ఇరవై నిమిషాల్లో మొత్తం రేడియో గది అప్పగించి, టాక్సీ ఎక్కి వెళ్ళిపోయాడు. నా తెల్ల ప్యాంట్లన్నిటికీ మోకాళ్ళ దగ్గర ఆసిడ్ చిల్లులే. వాటికి రఫ్ఫు చేసి చేసి మీ పెద్దమ్మ విసిగిపోయేది.

అంత నేర్పించినా నేనేం చేశానో విను. ఇది మీ నాన్నకి కూడా తెలియదు. 1979లో, అరేబియా సముద్రంలో నైరుతి వానల రోజులు. ఓడ ఎంత ఊగుతోందంటే, ఆ పై డెక్ దాకా పాక్కుంటూ వెళ్ళి మూతలు తీయడం నావల్ల కాదనిపించింది. మొదటిరోజు నిన్నటి రీడింగే రాశాను. 1250. రెండోరోజూ అదే. తొమ్మిది రోజులు అలాగే రాశాను. పదోరోజు రాత్రి జనరేటర్లు ఆగి ఓడంతా చీకటి. ఇంజను లేని ఓడ అలలకి అడ్డంగా తిరిగింది. దగ్గర్లో ఇంకో ఓడ వస్తోంది, మేం కదలలేమని దానికి చెప్పమన్నాడు కెప్టెన్. ఎమర్జెన్సీ సెట్ ఆన్ చేసి కీ మీద చెయ్యి పెట్టాను. మీటరు ముల్లు లేచింది, వణికింది, పడిపోయింది. ఒక సెల్లు పగిలి ఎన్నాళ్ళనుంచి కారుతోందో. ఆ రాత్రి ఆల్డిస్ దీపం పట్టుకుని బ్రిడ్జి రెక్క మీద నిలబడి వెలిగించి ఆర్పుతూ చెప్పాం. గంటలో ఇంజను తిరిగింది, ఎవరికీ ఏమీ కాలేదు. పొద్దున్నే కెప్టెన్ నా లాగ్‌బుక్ అడిగాడు. వరసగా తొమ్మిది 1250లు చూశాడు. ఏమీ అనకుండా మూసి నా చేతికిచ్చాడు. నలభై ఏళ్ళు దాటింది, ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే చెప్తున్నాను. ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కో. కంప్యూటర్‌లో కాదు, కాగితం మీద. ఓడలో ఎన్ని యూపీఎస్‌లు ఉన్నాయో నువ్వే నడిచి లెక్కపెట్టు. సర్వర్ గదివే కాదు, డెక్కు డెక్కునా గోడల్లో దాచిన నెట్‌వర్క్ కబోర్డుల్లోవి కూడా. ఒక్కో బ్యాటరీ మీద పెట్టిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాయి. మీరు వాడేవి మూతలు తెరవలేని సీల్డ్ రకం, హైడ్రోమీటర్ దిగదు. కాబట్టి వోల్టేజి చూడు, చేత్తో తడిమి చూడు, ఒళ్ళు ఉబ్బిందా చూడు. కబోర్డులో ఒక థర్మామీటర్ వేలాడదియ్యి. ఆ రకం బ్యాటరీకి 25 డిగ్రీల దగ్గర ఎంత ఆయుష్షు ఉందనుకుంటే, ఇంకో పది డిగ్రీలు పెరిగితే అది సగానికి పడిపోతుంది. లాండ్రీ పక్కనున్న కబోర్డు అంటే తలుపు పట్టుకుంటేనే చెయ్యి కాలుతుందని క్రితం సంవత్సరం నవ్వుతూ రాశావు. అప్పుడే నేను అడగాల్సింది, అడగలేదు. ఐదేళ్ళ బ్యాటరీ అక్కడ రెండేళ్ళు కూడా నిలవదు. పోయిన ఒక్క బ్యాటరీనే మార్చి ఊరుకోకు, ఆ వరస మొత్తం మార్పించు. పాతవాటి మధ్య కొత్తది త్వరగా చస్తుంది.

ఇంకా ముఖ్యం, నిజమైన పరీక్ష పెట్టు. ఓడ రేవులో ఉన్నప్పుడు, చీఫ్ ఇంజనీరుకి ముందే రాతపూర్వకంగా చెప్పి, ఒక్కో యూపీఎస్‌కి వచ్చే కరెంటు తీసేసి, ఉన్న లోడ్‌తో ఎన్ని నిమిషాలు నిలుస్తుందో గడియారం పట్టుకుని చూడు. ఎలక్ట్రికల్ ఆఫీసర్‌తో స్నేహంగా ఉండు. ఏ రాక్‌కి కరెంటు ఏ స్విచ్‌బోర్డు నుంచి వస్తుందో అతనికే తెలుసు. కోర్ స్విచ్‌కి ఎమర్జెన్సీ బోర్డు నుంచి ఒక లైను ఇస్తారేమో అడుగు. పోయినసారి పంపిన ఆవకాయ ఇంకా మిగిలుంటే ఒక చిన్న సీసా అతనికివ్వు. క్రొయేషియా మనిషని రాశావు కదా, కారం తట్టుకోలేకపోతే పెరుగుతో తినమను.

ఏది ముందు లేవాలో ఆ వరస కూడా అట్టమీద రాసి గోడకి తగిలించు. ముందు కోర్ స్విచ్, తర్వాత స్టోరేజి, ఆ తర్వాత పేర్లూ చిరునామాలూ చెప్పే సర్వర్లు, ఆపైన తాళాలూ గ్యాంగ్‌వే, చివరికి బార్ బిల్లులు. చీకట్లో టార్చి వేసుకుని చదివేంత పెద్ద అక్షరాలతో.

మీకు రెండు లింకులున్నాయి కాబట్టి భయం లేదని అన్నావు. ఒకటి 36,000 కిలోమీటర్ల ఎత్తున భూమితో పాటే తిరిగే పాత ఉపగ్రహం, అడిగింది వెళ్ళి జవాబు రావడానికి అర సెకను పైనే. ఇంకోటి కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తునే తిరిగే స్టార్‌లింక్. 2022లో ఓడల్లోకి వచ్చింది, రెండేళ్ళు తిరక్కుండానే పెద్ద క్రూజ్ కంపెనీల ఓడలు చాలావరకు దాన్ని పెట్టేసుకున్నాయి. నడిసముద్రంలోంచి నీ ముఖం చూస్తూ మాట్లాడుతుంటే నాకిప్పటికీ నమ్మశక్యం కాదు. పొగగొట్టం ఒకదానికి అడ్డొస్తే ఇంకోటి చూస్తుందని యాంటెనా డోమ్‌లు కూడా రెండు వైపులా పెట్టారు, బాగుంది. అయితే ఆ రెండిటి కింది పెట్టెలూ ఏ యూపీఎస్ మీద ఉన్నాయి? ఒకే దాని మీద ఉంటే నీకు ఆకాశంలో రెండు లింకులున్నా ఓడలో ఉన్నది ఒక్కటే. డోమ్‌కి ఓడ ఎటు తిరిగిందో చెప్పే జైరో లైను కూడా చూడు. అది ఆగితే డోమ్‌కి కరెంటున్నా గుడ్డిదే. ఇది చూడటానికని మాస్ట్ ఎక్కకు. ఎక్కాల్సివస్తే పర్మిట్ రాయించి, రాడార్, డోమ్ ట్రాన్స్‌మిషన్ రెండూ ఆపించి, ఇంకో మనిషి కింద ఉంటేనే ఎక్కు. తడిగా ఉంటే అసలు వద్దు.

లింకులుంటే చాలదు, వాటి మీద ఏది ముందు వెళ్తుందో కూడా చూడాలి. టైటానిక్ గురించి సినిమా చూసి నువ్వు ఏడ్చావు, అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు. అందులో రేడియో గది సంగతి సరిగ్గా చెప్పలేదు. ఫిలిప్స్, బ్రైడ్ అని ఇద్దరు కుర్రాళ్ళు, మార్కోనీ కంపెనీ ఉద్యోగులు. ముందురోజు సెట్ చెడిపోతే గంటలకొద్దీ కూర్చుని వాళ్ళే బాగుచేసుకున్నారు. ఆ లోపు ప్రయాణికుల సందేశాలు గుట్టలు పడ్డాయి. 1912 ఏప్రిల్ 14 రాత్రి ఫిలిప్స్ వాటిని కేప్ రేస్ స్టేషన్‌కి పంపే హడావుడిలో ఉన్నాడు. మెసాబా అనే ఓడ పంపిన మంచు హెచ్చరిక బ్రిడ్జికి చేరలేదు. దగ్గర్లోనే ఆగి ఉన్న కాలిఫోర్నియన్ ఓడ హెచ్చరించబోతే అడ్డు రావద్దని కసిరాడు. ఆ ఓడలో ఒక్కడే ఆపరేటర్, సెట్ కట్టేసి పడుకున్నాడు. తర్వాత జరిగింది అందరికీ తెలుసు. ఫిలిప్స్‌ని నేను తప్పుపట్టను. కరెంటు సన్నగిల్లి సెట్ మూగబోయేదాకా కీ వదలలేదతను. ఇరవై అయిదేళ్ళవాడు, నీకన్నా రెండేళ్ళు చిన్న. కానీ ప్రయాణికుల పని అన్నిటికన్నా ముందు వచ్చి కూర్చుంటే ఏమవుతుందో ఆ గదే సాక్ష్యం.

మా రోజులకి దానికి ఒక కట్టుబాటు వచ్చింది. రేడియో గది గడియారం మీద ఎర్రరంగు ముక్కలు వేసి ఉండేవి. గంటకి రెండుసార్లు, పావు నుంచి మూడు నిమిషాలు, ముప్పావు నుంచి మూడు నిమిషాలు, 500 కిలోహెర్ట్జ్ మీద ఎవరూ మాట్లాడకూడదు. ప్రపంచంలోని ఓడలన్నీ చెవి ఒగ్గి, ఎవరైనా ఆపదలో పిలుస్తున్నారేమోనని వింటాయి. ఆ నిశ్శబ్దం ఎంత బాగుండేదో చెప్పలేను. నీ నెట్‌వర్క్‌లో ఆ ఎర్ర ముక్క ఎక్కడుంది? సినిమాలు చూసే వైఫై ఎంత నిండిపోయినా ఆస్పత్రి గదికీ బ్రిడ్జికీ దారి మూసుకుపోకుండా విడిగా గీసి ఉంచారా? ఉంచే ఉంటారు, అయినా నువ్వు చూడు.

సిబ్బంది డెక్కుల స్విచ్చులకి అసలు యూపీఎస్‌లే లేవని బ్రాకెట్లో రాశావు. సముద్రం మీదే గడిచే రోజుల్లో సాయంత్రం ప్రయాణికుల వాడకం పెరిగితే సిబ్బంది ఇంటర్నెట్ వేగం కోసేయమని నీకు చెప్తున్నారని కూడా. అమ్మలూ, ఇక్కడ నా మాట కొంచెం ఓపిగ్గా విను.

1977 నవంబర్ 19న నేను జపాన్ దారిలో ఉన్నాను, వైజాగ్ ఔటర్ హార్బర్‌లో ఇనుపరాయి ఎత్తుకుని. మన దివిసీమ ఉప్పెన మాట రేడియో వార్తల్లో విన్నది నేనే, చెవుల్లో హెడ్‌ఫోన్లతో. మిగతా ఓడకి ఆ వార్త రాసి అంటించిందీ నేనే. ఆ రాత్రి మనింట్లో ఏం జరిగిందో నీకు మళ్ళీ చెప్పక్కర్లేదు. నేను చెప్పేది నా వైపు సంగతి. ప్రపంచంలో ఎవరితోనైనా మాట్లాడగల సెట్ నా ముందుంది. మద్రాస్ రేడియోకి తంతి ఇచ్చాను, వాళ్ళు తీసుకున్నారు. అక్కణ్ణుంచి మన ఊరికి తీగ లేదు. స్తంభాలే లేవు. పదకొండు రోజులు గడియారం చూసుకుంటూ, తంతులు వచ్చిన ఓడల జాబితాలో నా ఓడ పిలుపు వస్తుందేమోనని విన్నాను. పదకొండో రోజు వచ్చింది. మోర్స్‌లో ఒక్కొక్క అక్షరం నా చేత్తోనే రాసుకున్నాను. క్షేమంగా ఉన్నవాళ్ళ పేర్లు. రాస్తూ రాస్తూనే, ఎవరి పేరు రావట్లేదో తెలుస్తూ ఉంది.

మీ ఓడలో వంటవాళ్ళు, లాండ్రీవాళ్ళు, నీటిమట్టానికి కింది కేబిన్లలో పడుకునే ఫిలిప్పీన్స్, ఇండోనేషియా కుర్రాళ్ళు. వాళ్ళ దేశాల్లోనూ తుఫాన్లొస్తాయి. ఇళ్ళతో మాట్లాడుకునే సౌకర్యం సిబ్బందికి ఇవ్వాలని, డబ్బు తీసుకున్నా న్యాయంగా తీసుకోవాలని సముద్ర కార్మికుల ఒప్పందంలోనే చేర్చారు, 2024 డిసెంబర్ 23 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ కాగితం దగ్గర పెట్టుకుని మాట్లాడు. ఎంత రద్దీ అయినా సిబ్బందికి ఇంత వేగం తగ్గకూడదని ఒక గీత గీయమను. వాళ్ళ స్విచ్చులకి బ్యాటరీలు పెట్టమను, చిన్నవైనా సరే. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్‌లో ఇంజను గది తగలబడి, నాలుగు వేలమందికి పైగా ఉన్న ఓడ మెయిన్ కరెంటు లేకుండా గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నాలుగు రోజులు ఉండిపోయింది. సాయానికి ఇంకో ఓడ పక్కకి వస్తే, దాని సిగ్నల్ అందుకుని ఇళ్ళకి ఫోన్లు చేసుకున్నారు జనం. ఆహారం ఇచ్చే ఓడ కోసం ఎంత చూశారో సిగ్నల్ కోసమూ అంతే చూసి ఉంటారు.

ఇంకో మాట. ‘అన్నీ ఒడ్డు నుంచే నడుపుతున్నారు, మా ఉద్యోగం ఇంకో నాలుగేళ్ళు’ అన్నావు. కావచ్చు. ఆ మాట నాకు కొత్త కాదు. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఓడల్లో రేడియో ఆఫీసరు ఉండనక్కర్లేదన్నారు, జీఎండీఎస్ఎస్ అనే కొత్త ఆపద పిలుపుల పద్ధతి వచ్చింది, బటన్ నొక్కితే చాలన్నారు. నేను అంతకు ముందు ఏడాదే దిగిపోయాను. ఆర్నెల్లు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు, మీ పెద్దమ్మని అడుగు. ఆ కొత్త పద్ధతి మంచిదే, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ దానికీ కింద బ్యాటరీ ఉంది. ఎమర్జెన్సీ కరెంటు సరిగ్గా ఉన్న ఓడలో గంట, లేనిదాంట్లో ఆరు గంటలు నిలవాలని రాశారు. బటన్ నొక్కేవాడు మారాడు, పెట్టె దగ్గరికి నడిచి వెళ్ళేవాడి అవసరం పోలేదు. మయామీలో కూర్చున్నవాడికి లాండ్రీ పక్క తలుపు వేడి తెలియదు.

చివరిగా, నువ్వు అసలు పట్టించుకోకుండా రాసిన ఒక ముక్క. రెస్ట్ అవర్స్ షీటులో ఆ రోజు పది గంటలు విశ్రాంతి అని రాసేశానన్నావు, అందరూ అలాగే రాస్తారని. 24 గంటల్లో 10, వారానికి 77 గంటల విశ్రాంతి అనేది నీ ఒంటికోసం పెట్టిన లెక్క. నువ్వు పడుకోలేదు, పడుకున్నట్టు సంతకం పెట్టావు. అది చదివినప్పుడు నాకు నా తొమ్మిది 1250లు కనిపించాయి. ఇంతకన్నా ఏమీ అనను. నిన్ను తిట్టేంత మనసు నాకు లేదు, ఎప్పుడూ లేదు.

షీటు సరిదిద్దు. అడిగితే మీ బాస్‌కి నిజమే చెప్పు. మీటింగులో వాళ్ళన్న మాటకి జవాబు కూడా అందులోనే ఉంది: ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదానివే ఎన్ని గంటలు చేశావో.

సున్నుండలు, కొత్త ఆవకాయ సర్ది ఉంచింది మీ పెద్దమ్మ. వచ్చే నెల మీ ఓడకి రాబోయే ఆ నెల్లూరు అబ్బాయి చేతికిస్తాం. డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, రెండు చిన్న థర్మామీటర్లు కూడా అందులోనే పెట్టాను, బట్టల మధ్య చూసుకో.

వచ్చే ఆదివారం రాసే మెయిల్లో, లాండ్రీ పక్క కబోర్డులో ఎన్ని డిగ్రీలుందో రాయి. సర్వర్ గది యూపీఎస్ నిజంగా ఎన్ని నిమిషాలు నిలిచిందో రాయి. ఆ వారం నువ్వు ఎన్ని గంటలు పడుకున్నావో అదీ రాయి. ఎంత తక్కువైనా ఉన్నదున్నట్టు రాయి, నేను మీ అమ్మకి చెప్పను.

ఆశీస్సులతో,
పెదనాన్న